జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు 41 వేలకు పడిపోయాయి... ఎక్కించమని పట్టుబట్టాలా?

ప్రశ్న: మావారికి 34 ఏళ్లు, బరువు 70 కిలోలు. ఆదివారం మధ్యాహ్నం జ్వరం మొదలైంది. సోమవారం పరీక్ష చేయిస్తే ఎన్‌ఎస్‌1 పాజిటివ్, డెంగీ అన్నారు. ఆ రోజు ప్లేట్‌లెట్లు 1.42 లక్షలు. బుధవారం 86 వేలు. ఈ రోజు గురువారం పొద్దున 41 వేలు. నిన్న రాత్రి నుంచి జ్వరం లేదు, కానీ బాగా నీరసంగా ఉన్నారు. ఉప్పల్‌లో మా ఇంటికి దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో చేర్చాం. సెలైన్ పెడుతున్నారు. ప్లేట్‌లెట్లు ఇప్పుడే అక్కర్లేదని డాక్టరుగారు అంటున్నారు. మా ఆడపడుచు భర్త మాత్రం ఇద్దరు దాతలను సిద్ధం చేసి, వెంటనే పెద్దాసుపత్రికి మార్చి ఎక్కించేద్దాం అంటున్నారు. చుట్టాలు బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు తెస్తున్నారు. ఇంకోటి, నిన్నటి నుంచి మా మామగారికీ జ్వరం. ఆయనకు 67 ఏళ్లు, గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన వివరాలను బట్టి ఈ రోజు ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదు. డాక్టరుగారు సరిగ్గానే చెప్పారు. ఈ మాట ఉత్తరం అందిన వెంటనే మీకు క్లుప్తంగా తెలియజేశాం. ఈ సీజన్లో ఇదే ప్రశ్న చాలా ఇళ్లలో నలుగుతుంది కాబట్టి మిగతాది ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఎక్కించక్కర్లేదు అన్నాం గానీ, గండం గడిచిందని అనలేదు. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి 24 నుంచి 48 గంటలే అసలు గడ్డుకాలం. ఆదివారాన్ని ఒకటో రోజుగా లెక్కేస్తే మీవారికి ఈ రోజు ఐదో రోజు. జ్వరం బుధవారం రాత్రి దిగింది కాబట్టి శుక్రవారం రాత్రి దాకా, ఇంకా జాగ్రత్తగా చెప్పాలంటే శనివారం పొద్దుటిదాకా ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి. చాలామంది సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ఒళ్లు చల్లబడగానే 'హమ్మయ్య, తగ్గింది' అని ఇంటికి బయల్దేరతారు. ఆ చల్లదనం కోలుకోవడం వల్ల వచ్చిందా, లేక రక్తప్రసరణ తగ్గడం వల్ల వచ్చిందా అన్నది చెయ్యి పట్టుకుని చూస్తే కొంత తెలుస్తుంది. అరచేతులు, పాదాలు వెచ్చగా, పొడిగా ఉంటే మంచిదే. చల్లగా, చెమటతో జిగటగా ఉంటే వెంటనే నర్సును పిలవండి.

డెంగీలో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ప్లాస్మా లీకవడం వల్ల. వైరస్ నుంచి వెలువడే ఎన్‌ఎస్‌1 ప్రొటీన్, దానికి తోడు మన రోగనిరోధక వ్యవస్థ చేసే హడావుడి కలిసి సన్నటి రక్తనాళాల లోపలి పొరను వదులు చేస్తాయి. అప్పుడు మట్టికుండ చెమ్మగిల్లినట్టు రక్తంలోని నీరు నాళాల గోడల్లోంచి ఊరి పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, కిడ్నీలకు, కాలేయానికి రక్తం చాలదు. ఆ షాక్ గంటల తరబడి సాగితే అప్పుడు లోపల పెద్ద రక్తస్రావాలు మొదలవుతాయి. అంటే ప్రాణాలు తీసే రక్తస్రావం కూడా చాలావరకు పట్టించుకోకుండా వదిలేసిన షాక్ వెనకాలే వస్తుంది. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే దాన్ని తెచ్చిపెట్టదు. 15 వేలతో మంచం మీద కూర్చుని ఇడ్లీ తినేవాళ్లుంటారు. 60 వేలతో షాక్‌లోకి జారినవాళ్లూ ఉంటారు.

కాబట్టి సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే కళ్లు ప్లేట్‌లెట్ల గడి మీదికే పరుగెత్తకుండా, కొంచెం పైన 'పీసీవీ' లేదా 'హిమటోక్రిట్' అని ఉన్న గడిని చూడండి. రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే శాతం అది. నీరు లీకైతే రక్తం చిక్కబడి ఈ అంకె పెరుగుతుంది. మీరు జత చేసిన రిపోర్టుల్లో సోమవారం పీసీవీ 41, బుధవారం 43, ఈ రోజు 45. మొదటి అంకె మీద 20 శాతం పెరిగితే లీకేజీ బాగా ఉన్నట్టు లెక్క. 41కి 20 శాతం కలిపితే 49 దాటుతుంది. మీవారిది ఇంకా 10 శాతం దగ్గరే ఉంది. అయితే సెలైన్ ఎక్కుతున్నప్పుడు పీసీవీ పెరగాల్సినంత పెరగదు. అందువల్ల సెలైన్ నడుస్తుండగానే 45 నుంచి 47, 48కి వెళ్లిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ రెండు రోజులూ పీసీవీని 6 నుంచి 12 గంటలకోసారి చూడటం న్యాయం. ప్లేట్‌లెట్లు మాత్రం రోజుకొకసారి చూస్తే సరిపోతుంది. పూటపూటకీ లెక్కపెట్టించి పూటపూటకీ గుండెలు బాదుకోవడం వల్ల వైద్యం ఏమీ మారదు.

పీసీవీ ఉన్నట్టుండి పడిపోయినా మంచి సూచన అనుకోవద్దు. మనిషి తేరుకుంటూ, మూత్రం బాగా వస్తూ, పీసీవీ 45 నుంచి మెల్లగా 41కి దిగితే లీకేజీ ఆగినట్టు. మనిషి వాడిపోతూ, నాడి వేగం పెరుగుతూ పీసీవీ 45 నుంచి 36కి దిగితే లోపలెక్కడో రక్తం పోతోందని అనుమానించాలి.

రెండోది బీపీ. ఇక్కడ ఆసుపత్రుల్లోనూ ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది. పై అంకె 100కు మీద ఉంటే 'బీపీ నార్మల్' అని చీటీలో రాసేస్తారు. డెంగీలో చూడాల్సింది పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఎడం. 120/80లో ఆ ఎడం 40. అదే 104/84 అయితే 20. పై అంకె చూస్తే భయపడాల్సింది ఏమీ కనిపించదు, కానీ ఎడం 20కి లేదా అంతకంటే తక్కువకు వచ్చిందంటే డెంగీ షాక్ మొదలైనట్టే లెక్క. పై అంకె కూడా పడేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. ఎడం 30కి దిగినప్పుడే డాక్టరుగారికి చెప్పండి. బీపీ చూసిన ప్రతిసారీ రెండు అంకెలూ, టైమూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చిన నర్సుకు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది.

మూడోది మూత్రం. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు చొప్పున రావాలి. 70 కిలోల మనిషికి గంటకు 35 మి.లీ., అంటే ఆరు గంటల్లో తక్కువలో తక్కువ 200 మి.లీ. ఖాళీ నీళ్ల సీసా ఒకటి బాత్రూంలో పెట్టి కొలవండి. సీసా మీద ఉండే గీతలు, లీటరు గుర్తు చాలు, పెద్ద సరంజామా అక్కర్లేదు. ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోయినా, వచ్చింది ముదురు టీ రంగులో కాసింతే ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా చెప్పాలి.

వీటితోపాటు కొన్ని లక్షణాలు గుర్తు పెట్టుకోండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయన్న దానితో సంబంధం లేకుండా డాక్టరు వచ్చి చూడాలి: తగ్గకుండా వచ్చే కడుపునొప్పి, ముఖ్యంగా కుడి డొక్క కింద నొక్కితే నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం, పడుకుంటే ఆయాసం, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, తారులా నల్లగా జిగటగా విరేచనం, మాట్లాడించినా పలక్కుండా మగతగా ఉండటం లేదా ఊరికే చిరాకుపడుతూ మంచం మీద నిలవలేకపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడబోవడం. మీవారు 'బాగా నీరసంగా ఉన్నారు' అని రాశారు. అడిగిన దానికి సరిగ్గా జవాబు చెబుతూ, లేచి కూర్చుని ఏదో ఒకటి తాగుతుంటే అది జ్వరం పీల్చేసిన నీరసం. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తుంటే ఇంకోలా ఆలోచించాలి.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. మామూలుగా మనకు ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉంటాయి. ఒక్కో ప్లేట్‌లెట్ వారం, పది రోజులు బతుకుతుంది. డెంగీ వైరస్ మొదటి రోజుల్లో ఎముక మజ్జలో తయారీని మందగింపజేస్తుంది. తయారైనవాటిని మన యాంటీబాడీలే పట్టుకుని నాశనం చేస్తాయి. దెబ్బతిన్న రక్తనాళాల గోడలకు అతుక్కుని మరికొన్ని ఖర్చయిపోతాయి. బయటి నుంచి ఎక్కించిన ప్లేట్‌లెట్లకూ ఇదే గతి. అవి వేరే మనిషివి అయినంత మాత్రాన వాటికేమీ మినహాయింపు ఉండదు. పొద్దున ఎక్కిస్తే సాయంత్రం రిపోర్టులో అంకె పెరుగుతుంది, మర్నాటికి మళ్లీ మొదటికొస్తుంది. ఆ ఒక్క పూట ఊరటకు బదులుగా చలి, వణుకు, దద్దుర్లు, అరుదుగా ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతినడం, అన్నిటికీ మించి ఒంట్లోకి అదనపు నీరు చేరడం వంటివి నెత్తిన పడొచ్చు.

ఇది మా సొంత అభిప్రాయం కాదు. సింగపూర్, మలేసియా ఆసుపత్రుల్లో ప్లేట్‌లెట్లు 20 వేలు లేదా అంతకంటే తక్కువకు పడిపోయి, చెప్పుకోదగ్గ రక్తస్రావం లేని పెద్దవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ప్లేట్‌లెట్లు ఎక్కించి, రెండో జట్టుకు ఎక్కించకుండా చూశారు. ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. రక్తస్రావం ఎక్కించినవాళ్లలో 21 శాతం మందికి, ఎక్కించనివాళ్లలో 26 శాతం మందికి కనిపించింది. లెక్కల్లో నిలబడే తేడా కాదది. దుష్ఫలితాలు మాత్రం ఎక్కించినవాళ్లలోనే ఎక్కువ. మన కేంద్ర ప్రభుత్వ డెంగీ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేనప్పుడు 10 వేల కంటే తగ్గితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించవచ్చని చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ముందుజాగ్రత్తను కూడా మామూలు పద్ధతిగా సిఫారసు చేయదు. రక్తవాంతి, నల్ల విరేచనం, ఆగని ముక్కురక్తం, విపరీతంగా నెలసరి అవ్వడం లాంటి గట్టి రక్తస్రావం ఉంటే మాత్రం అంకె ఎంతున్నా ఎక్కించడం గురించి ఆలోచిస్తారు. అప్పుడు కూడా ముందు రక్తం, ఆ తర్వాతే ప్లేట్‌లెట్లు అవసరపడొచ్చు. కాన్పు గానీ ఆపరేషన్ గానీ తప్పనప్పుడు లెక్క వేరు. చర్మం మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు, పళ్లు తోముకున్నప్పుడు బ్రష్‌కు అంటిన కాస్త రక్తం చూసి సంచీలు తెప్పించక్కర్లేదు. డాక్టరుకు చూపిస్తే చాలు.

మీ ఆడపడుచు భర్త దాతలను వెతికిపెట్టడం తప్పేమీ కాదు, వాళ్లను ఫోన్‌కు అందుబాటులో ఉండమనండి. కానీ ముందే తీయించి దాచుకుందాం అనుకోవద్దు. ఎందుకో చెబుతాం. ప్లేట్‌లెట్లు రెండు రకాలుగా దొరుకుతాయి. మామూలుగా దానం చేసిన రక్తం నుంచి వేరుచేసిన సంచీ ఆర్‌డీపీ. 50 నుంచి 70 మి.లీ. ఉంటుంది, పెద్దవాళ్లలో ఒక్కోటి 5 నుంచి 10 వేలు పెంచుతుంది. ఒకే దాత నుంచి యంత్రంతో తీసేది ఎస్‌డీపీ. 200 నుంచి 300 మి.లీ. ఉంటుంది, 30 నుంచి 50 వేలు పెంచుతుంది. డెంగీ ఉధృతిలో ఉన్నప్పుడు ఈ పెరుగుదల ఇంతకంటే తక్కువే. ఎస్‌డీపీ ఇచ్చే దాతకు కూడా ప్లేట్‌లెట్లు లక్షన్నరకు పైన ఉండాలి, చేతి నరాలు సూదికి అనువుగా ఉండాలి, గత మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. పరీక్షలన్నీ అయ్యాక యంత్రం మీద గంట, గంటన్నర పడుతుంది. తీసినవాటిని 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, ఆగకుండా ఊగే పళ్లెం మీద ఉంచితే అయిదు రోజులు నిలుస్తాయి. ఆ ఏర్పాటు రక్తనిధిలోనే ఉంటుంది. ముందుగా తెచ్చి వార్డు ఫ్రిజ్‌లో పెట్టారంటే అవి పాడైపోతాయి, దాత కష్టం వృథా. తెచ్చిన వెంటనే ఎక్కించాలి.

రిపోర్టు చదివేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. ఒక ల్యాబు '0.41 లక్షలు' అని వేస్తుంది, ఇంకోటి '41,000' అని, మరోటి '41' అని రాసి పక్కన ప్రమాణం వేస్తుంది. మూడూ ఒకటే. '41' అని చూసి నలభై ఒకటే మిగిలాయని ఇంటిల్లిపాదీ ఏడ్చిన సందర్భాలు లేకపోలేదు. పైగా ఒక ల్యాబు రిపోర్టును మరో ల్యాబు రిపోర్టుతో పోల్చి 'పదివేలు తగ్గాయి' అనడం కుదరదు. ఇంత తక్కువ దగ్గర యంత్రాల లెక్కల్లో తేడా సహజం. ఈ రెండు రోజులూ ఒకే ల్యాబుకు పంపండి. రిపోర్టులో ఒక్కసారిగా మనిషి పరిస్థితికి పొంతన లేనంత తక్కువ అంకె వస్తే స్లైడ్ మీద కళ్లతో చూసి చెప్పమని అడగండి. రక్తం తీసేటప్పుడు సూదితో తంటాలు పడినా, గొట్టంలోని ఈడీటీఏ అనే రసాయనం ఆ మనిషి రక్తానికి సరిపడకపోయినా ప్లేట్‌లెట్లు గుంపులు కట్టుకుంటాయి. యంత్రం ఆ గుంపును ఒకటిగా లెక్కపెడుతుంది. అలాంటప్పుడు సిట్రేట్ గొట్టంలో మళ్లీ తీస్తే అసలు లెక్క తేలుతుంది.

కోలుకునే సూచన ప్లేట్‌లెట్ల కంటే ముందే రిపోర్టులో కనిపిస్తుంది. డెంగీలో తెల్లకణాలు మూడు వేలకు, రెండు వేలకు కూడా పడిపోతాయి. అవి తిరిగి పెరగడం మొదలైందంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ప్లేట్‌లెట్లూ వాటి దారి పడతాయి. కొన్ని పెద్ద ల్యాబుల్లో 'ఐపీఎఫ్' అనే అంకె కూడా ఇస్తారు. అది కొత్తగా పుట్టిన లేత ప్లేట్‌లెట్ల శాతం. అది పెరుగుతుంటే మజ్జ మళ్లీ పని అందుకున్నట్టే. ఈ పరీక్ష లేకపోతే ప్రమాదమేమీ లేదు, దాని కోసం ఊరంతా తిరగొద్దు.

ఆసుపత్రి మార్చాలా? బీపీ నిలకడగా, మూత్రం సరిగ్గా ఉన్న మనిషిని ఒక్క ప్లేట్‌లెట్ల అంకె చూసి సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో అంబులెన్స్ ఎక్కించడం మాకు నచ్చదు. అయితే డాక్టరుగారిని ఈ నాలుగు విషయాలు సూటిగా అడగండి. రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఇక్కడే ఉంటారా? అర్ధరాత్రి పీసీవీ చేసి గంటలో చెప్పే ల్యాబు ఉందా? రక్తం అవసరమైతే ఏ రక్తనిధి నుంచి, ఎంతసేపట్లో వస్తుంది? బీపీ పడితే ఐసీయూ ఇక్కడ ఉందా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? రెండింటికి 'లేదు' అనే జవాబొస్తే, మనిషి స్థిమితంగా ఉన్న ఈ పగటిపూటే మార్చడం మేలు. షాక్ వచ్చాక మార్చడం చాలా ప్రమాదం. కార్పొరేట్ ఆసుపత్రే కానక్కర్లేదు. గాంధీ ఆసుపత్రికి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఏటా వానాకాలంలో ఈ జ్వరాలు చూడటమే పని. పిల్లలకైతే నీలోఫర్. వెళ్లేటప్పుడు రిపోర్టులన్నీ తేదీ వరసలో, సెలైన్ ఎంత ఎక్కిందో రాసిన చార్టు నకలు, చివరిసారి మూత్రం ఎప్పుడొచ్చిందో రాసుకుని వెళ్లండి. ఫోన్లో ఫొటోలు తీసుకుంటే ఇంకా మంచిది.

సెలైన్ గురించి ఒక మాట. 'నీరసంగా ఉన్నారు, ఇంకో బాటిల్ పెట్టండి' అని అడగొద్దు. లీకేజీ ఉన్నన్ని గంటలు, అవసరమైనంత మేరకే సెలైన్. పీసీవీ, బీపీ, మూత్రం చూసుకుంటూ దాని వేగం పెంచుతారు, తగ్గిస్తారు. 48 గంటలు గడిచాక బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికీ బాటిళ్లు ఎక్కుతూనే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. డెంగీ నుంచి బయటపడి, సెలైన్ వల్ల ఐసీయూకి వెళ్లేవాళ్లుంటారు. శనివారం దగ్గరపడ్డాక ఆయన బాగా తాగుతూ తింటూ ఉంటే సెలైన్ ఎప్పుడు ఆపుతారో మీరే అడగండి.

బొప్పాయి ఆకు రసం మీద మన దగ్గరా, మలేసియాలోనూ చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి. కొన్నింటిలో ప్లేట్‌లెట్ల అంకె కాస్త ముందుగా పెరిగింది. షాక్‌ను గానీ, మరణాలను గానీ ఆపినట్టు రుజువు లేదు. పచ్చి ఆకు దంచి తీసిన రసం విపరీతమైన చేదు. ఖాళీ కడుపున రెండు చెంచాలు పోస్తే వాంతి కావడం చాలా మామూలు. అసలే నీరు నిలవని ఒంట్లోంచి ఇంకాస్త నీరు పోతుంది. అది వాంతి వ్యాధి వల్లా, రసం వల్లా అని డాక్టరుకు అంతుపట్టదు. కాబట్టి వద్దు. కివీ, డ్రాగన్ ఫ్రూట్ తింటే తిననివ్వండి, అవి పండ్లు, మందులు కావు. ఈ సీజన్లో వాటికి పలికే ధరకు జామకాయలు, బత్తాయిలు రెండు రోజులు వస్తాయి. బీట్‌రూట్ రసం మాత్రం ఈ నాలుగు రోజులు మానేయండి. విరేచనం, మూత్రం ఎర్రబడితే రక్తమేమోనని అందరూ హడలిపోతారు. అలాగే 'రక్తం పడుతుంది' అని ఎవరైనా ఐరన్ మాత్రలు ఇస్తే, విరేచనం నల్లబడి అసలు రక్తస్రావాన్ని గుర్తుపట్టకుండా చేస్తుంది.

ఆయనకు నోటితో ఇవ్వాల్సింది ఉప్పు, చక్కెర, పిండి పదార్థం ఉన్న ద్రవాలు: గంజిలో ఉప్పు, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు, రాగిజావ, ఓఆర్‌ఎస్. ఒక్కసారే గ్లాసుడు పట్టిస్తే కక్కేస్తారు. పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు. వట్టి మంచినీళ్లే లీటర్లకొద్దీ తాగిస్తే సోడియం పడిపోతుంది. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందా, ఎంత నీటిలో కలపమన్నారో చూడండి. 20.5 గ్రాముల ప్యాకెట్ అయితే సరిగ్గా లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. సగం పొడి, ఒక గ్లాసు అని కొలతలు వేయొద్దు. టెట్రాప్యాక్‌లలో అదే పేరుతో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే కొనకండి.

మాత్రల్లో జ్వరానికీ ఒళ్లునొప్పులకూ వట్టి పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకు 650 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా. కాలేయం ఎంజైములు బాగా పెరిగి ఉంటే ఇంకా తగ్గించాలి, అది డాక్టరు చెబుతారు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫినమిక్ యాసిడ్ ఏవీ వద్దు. పారాసిటమాల్‌తో కలిపి ఒకే మాత్రలో ఇవి వస్తుంటాయి, అట్ట వెనక పేర్లు చదవండి. గల్లీ చివర ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి వేసే నొప్పి ఇంజెక్షన్ ఈ జ్వరంలో రెండు రకాలుగా చేటు: మందూ చెడ్డదే, సూది గుచ్చిన చోట కండరంలో రక్తం గడ్డకట్టి బంతిలా వాస్తుంది. జ్వరం వెంటనే దించే స్టెరాయిడ్ సూది కూడా డెంగీని తగ్గించదు, లక్షణాలను కప్పిపెడుతుంది.

ఇప్పుడు మీ మామగారి సంగతి. నిజానికి మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఆయన గురించి రాసిన ఆ రెండు వాక్యాలే. ఇంట్లో అందరూ మీవారి అంకెల చుట్టూ తిరుగుతుంటే ఆయన జ్వరం మూలన పడిపోయే ప్రమాదం ఉంది. 67 ఏళ్లు, గుండెజబ్బు, రక్తం పలచబడే మందులు. ఇవి ఉన్నవాళ్లను లక్షణాలు ముదరకముందే ఆసుపత్రిలో చూపించాలి. ఈ రోజే సీబీపీ, ఎన్‌ఎస్‌1 చేయించండి. ఎన్‌ఎస్‌1 మొదటి నాలుగైదు రోజుల్లోనే బాగా దొరుకుతుంది, యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష అయిదో రోజు తర్వాతే పనికొస్తుంది. అప్పటికప్పుడు చెప్పే కార్డు పరీక్ష కంటే ల్యాబులో చేసే ఎలైజా పరీక్ష నమ్మదగ్గది. ఈ రోజు తీసిన పీసీవీ ఆయనకు పోల్చిచూసుకునే మొదటి అంకెగా పనికొస్తుంది, ఆ కాగితం భద్రంగా ఉంచండి. ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చింది కాబట్టి ఈయనదీ అదేనని ముందే తేల్చేయొద్దు. మలేరియా, నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్, ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్‌లలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, వాటికి మందులున్నాయి. ఒంటి మీద, ముఖ్యంగా చంకలు, గజ్జలు, నడుము దగ్గర నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉందేమో చూడండి. ఉంటే అది స్క్రబ్ టైఫస్‌కు గట్టి ఆనవాలు.

రక్తం పలచబడటానికి వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలను మీ అంతట మీరు ఆపొద్దు, అలాగని చూసీచూడనట్టు కొనసాగించనూ వద్దు. స్టెంట్ వేసి ఏడాది కాకపోతే మాత్రలు ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి గుండెపోటు రావచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు కొనసాగిస్తే రక్తస్రావం కావచ్చు. స్టెంట్ ఎప్పుడు వేశారు, ఎన్ని వేశారు, ప్లేట్‌లెట్లు ఇప్పుడు ఎన్ని అన్నవి మూడూ చూసి గుండె డాక్టరూ జ్వరం చూసే డాక్టరూ కలిసి తేల్చాలి. ఆ స్టెంట్ కాగితం ఇప్పుడే వెతికి బయట పెట్టండి. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు, షుగర్ మాత్రలు వాడుతుంటే అవి కూడా చూపించండి. తిండి తగ్గినప్పుడు అవే మోతాదులు చెయ్యవు. నాడి వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో షాక్ వచ్చినా నాడి వేగం పెరగదు. నాడి మామూలుగానే ఉందని ధీమా పడకుండా బీపీలో ఆ ఎడాన్నే నమ్ముకోవాలి. గుండె బలం తక్కువైతే ఎంత నీరు తాగించాలన్నది కూడా అడిగి తెలుసుకోండి. మీవారికి చెప్పిన కొలతలు ఆయనకు వర్తించవు.

డెంగీ ఒకరి నుంచి ఒకరికి ముట్టుకుంటే, పక్కన పడుకుంటే రాదు. జ్వరం ఉన్నన్నాళ్లూ రోగి రక్తంలో వైరస్ ఉంటుంది, ఆయన్ని కుట్టిన దోమ ఇంట్లో మరొకరిని కుడుతుంది. ఈ ఈడిస్ దోమ పగటి పూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. అందుకే మీ మామగారిని పగలు పడుకున్నా దోమతెరలోనే పడుకోబెట్టండి. ఇంటి చుట్టూ కూలర్ అడుగు, డాబా మీద డ్రమ్ములు, ఫ్రిజ్ వెనక నీళ్ల పళ్లెం, పూలకుండీల కింది పళ్లేలు చూడండి. నీళ్లు ఒంపేస్తే చాలదు, గోడలకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీరు తగలగానే పిల్లలవుతాయి. పీచుతో రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి చేస్తే సరిపోతుంది.

మీవారిని ఎప్పుడు ఇంటికి పంపుతారంటే, జ్వరం మాత్ర లేకుండానే రెండు రోజులు జ్వరం లేకుండా ఉండాలి, ఆకలి పుట్టాలి, మూత్రం ధారాళంగా రావాలి, ఆయాసం ఉండకూడదు, పీసీవీ నిలకడపడాలి, ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి పెరుగుతూ ఉండాలి. లక్ష దాటేదాకా మంచం అద్దె కట్టాల్సిన పని లేదు. ఇంటికొచ్చాక మూడు రోజులకు ఒక సీబీపీ చాలు. అది కూడా పెరుగుతున్న దారిలో ఉంటే మళ్లీ అక్కర్లేదు. ఈ దశలో అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టొచ్చు, ఒంటి మీద ఎర్రటి దద్దు మధ్యలో తెల్లటి మచ్చలు రావచ్చు, నాడి నిమిషానికి 50-55కు దిగొచ్చు. ఇవన్నీ కోలుకోవడంలో భాగం. ప్లేట్‌లెట్లు లక్ష దాటేదాకా మెత్తటి బ్రష్ వాడమనండి, బ్లేడుతో గడ్డం గీసుకోవద్దని చెప్పండి. బండి నడపడం, జిమ్ రెండు వారాలు ఆగాలి. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. అప్పటికీ ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.